కొసరు లేని మోతాదు

క్యాన్సర్ వైద్యంలోకి కొత్తగా అడుగుపెడుతున్న యువతీయువకుల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. వైద్యులైనా, నర్సులైనా, మందుల గదిలో మోతాదులు సిద్ధం చేసేవారైనా నాకు ఒక్కటే. నా హోదాల ప్రస్తావన ఇందులో ఉండదు. వాటి వల్ల ఏ రోగికీ జ్వరం తగ్గిన దాఖలా లేదు.

నా వృత్తిజీవితంలో అధికభాగం నంద్యాలలో గడిచింది. వారానికొకసారి ఆళ్లగడ్డకు వెళ్లి అక్కడి రోగులను చూసేవాణ్ణి. కుందూ ఒడ్డు పల్లెల నుంచీ, నల్లమల అంచు గూడేల నుంచీ జనం వచ్చేవారు. వారిలో తల నెరసినవారే ఎక్కువ. క్యాన్సర్ ప్రధానంగా వార్ధక్యాన్ని ఆశ్రయించే వ్యాధి. అయితే దాని మందులకు మోతాదులు నిర్ణయించిన పరీక్షలలో పాల్గొన్నవారు చాలావరకు వయసులో చిన్నవారు, ఒంట్లో సత్తువ ఉన్నవారు. ఈ రెండు వాక్యాల నడుమ ఉన్న ఖాళీలోనే నేను బతుకంతా పనిచేశాను.

పేరుకు నా పని మందు ఇవ్వడం. నిజానికి ఎంత ఇవ్వాలో తేల్చుకోవడమే నా పని. ఎక్కువైతే మందే మనిషిని మంచాన పడవేస్తుంది. తక్కువైతే వ్యాధికి మనమే దారి విడిచినట్లవుతుంది. వృద్ధుల విషయంలో ఈ రెంటి మధ్య దారి సన్నగా ఉంటుంది. సన్నగా ఉన్నదని దారి మానుకునే అధికారం మనకు లేదు.

మా ఆచార్యుల సగం

నేను చదువుకున్న పెద్దాసుపత్రిలో మా విభాగానికి ఒక ఆచార్యులు అధిపతిగా ఉండేవారు. గొప్ప జ్ఞాపకశక్తి, గొప్ప కంఠం. వార్డులోకి వస్తూనే రోగి తల వైపు చూసేవారు. వెంట్రుకలు నల్లగా ఉంటే పూర్తి మోతాదు రాయమనేవారు, తెల్లగా ఉంటే సగం. మధ్యలో ఏ పరీక్షా లేదు, ఏ ప్రశ్నా లేదు.

ఒకనాడు ధైర్యం చేసి అడిగాను. "సగమే ఎందుకండీ? ముప్పాతిక ఎందుకు కాకూడదు?"

"పెద్దాయన కదయ్యా, సగం చాలు. ఇంటికి పోయి ప్రశాంతంగా ఉంటాడు" అన్నారు ఆయన, మరుసటి మంచం వైపు కదులుతూ.

ఆయన దానిని దయ అనుకున్నారు. నాకది బద్ధకంగా తోచింది. ఇప్పటికీ అలాగే తోస్తుంది. కొలవకుండా తగ్గించడం, కొలవకుండా పెంచడమంత తప్పు. మొదటి తప్పులో మరణం నెమ్మదిగా వస్తుంది కాబట్టి ఎవరూ మనను నిలదీయరు. అంతే తేడా.

అదే ఆచార్యులు నాకు నేర్పిన ఒక విద్యను మాత్రం చివరి రోజు దాకా వదలలేదు. "రోగి కుర్చీలో నుంచి లేచేటప్పుడు నువ్వు కాగితాల్లోకి చూడకు. చేతులు ఎక్కడ ఆనిస్తాడో చూడు" అనేవారు. మోకాళ్లు పట్టుకుని లేచేవారు, బల్ల అంచు పట్టుకుని లేచేవారు, కొడుకు భుజం పట్టుకుని లేచేవారు, ఏదీ పట్టుకోకుండా లేచేవారు. ఈ నలుగురి వయసూ ఒకటే కావచ్చు. మోతాదు మాత్రం ఒకటి కాదు. చూడమని నేర్పిన మనిషే మందు రాసేటప్పుడు తాను చూసినదాన్ని ఎందుకు మరిచేవారో నాకు నేటికీ అంతుపట్టలేదు.

ఆత్మకూరు గురువమ్మ

నంద్యాలకు వచ్చిన కొత్తలో, నా వద్ద పనిచేసే ఒక యువ వైద్యుడు ఒక చీటీ తెచ్చి చూపించాడు. రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స అయిన గురువమ్మ అనే వృద్ధురాలి చీటీ అది. మోతాదు సగానికి కొట్టివేసి ఉంది. కారణం అడిగితే కార్డులోని వయసు చూపించాడు.

గురువమ్మ ఆత్మకూరు అవతల అడవి గూడెం మనిషి. నేను బయటికి వెళ్లేసరికి వరండాలో మూట మీద కూర్చుని ఉంది.

"ఏమ్మా, ఎట్లా వచ్చినావు?"

"బస్సులో నిలబడే వచ్చినా సార్. కూచుండేదానికి యాడ సందుండాది?"

"ఇంటికాడ పనులు చేసుకుంటావా?"

"చేసుకోకుంటే కూడు నువ్వు పెడ్తావా?"

యువ వైద్యుడు నవ్వు ఆపుకున్నాడు. గురువమ్మ ఆపుకోలేదు, గట్టిగా నవ్వింది. వయసెంతని అడిగాను.

"ఎవురు ల్యాక్కపెట్టినారు సార్? కార్డు రాయనీకి వచ్చిన ఆయప్ప నా తలకాయ చూసి ఏందో రాసుకున్యాడు."

పరీక్షకు రమ్మంటే ఆమె ఏదీ పట్టుకోకుండా లేచింది, మూటను చంకకు ఎత్తుకుని మరీ లేచింది. గుండె పరీక్ష, మూత్రపిండాల పరీక్ష, రక్త పరీక్ష అన్నీ చేయించాం. అన్నీ బాగున్నాయి. ఆమెకు పూర్తి మోతాదే ఇచ్చాం. జుట్టు ఊడింది, నోరు చేదయింది, నన్ను నాలుగు తిట్లు తిట్టింది. చికిత్స మాత్రం ఒక్క విడత కూడా తప్పకుండా ముగించింది. చివరి విడతకు వచ్చినప్పుడు సీసాలో తేనె తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఆ పిల్ల డాక్టరుకు ఇయ్యొద్దు. నాకు సగమే ఇయ్యాలని చూసినాడంట గదా" అన్నది.

ఆ సంగతి ఆమెకు ఎవరు చేరవేశారో తెలియదు. తేనె అందరం తిన్నాం.

శెట్టిగారి అంగడి

ఇక అసలు విషయానికి వస్తాను. మోతాదు తగ్గించడం ఎలాగో పుస్తకాలు చెబుతాయి. తగ్గించిన మోతాదును ఒక పెద్దమనిషి మనసుకు ఒప్పించడం ఎలాగో నాకు నేర్పినది ఆళ్లగడ్డ వ్యాపారి వెంకటసుబ్బయ్య శెట్టిగారి ఉదంతం.

శెట్టిగారికి ఆళ్లగడ్డలో పప్పులు, బెల్లం, వేరుశనగ బుడ్డలు అమ్మే పాత అంగడి ఉంది. కొడుకు శ్రీనివాసులు ఎలక్ట్రానిక్ కాటా తెచ్చి పెట్టినా, పెద్దాయన తక్కెడను కిందికి దించలేదు. ఆయన తూకానికి ఒక పద్ధతి ఉండేది. ముల్లు సరిగ్గా నడుమకు వచ్చి ఆగిన తరువాత, చెయ్యి కాస్త పైకెత్తి, మణికట్టు తిప్పి, మరొక పిడికెడు సరుకు తట్టలోకి వదిలేవారు. అది కొసరు. మన అంగళ్లన్నిటా ఉన్న అలవాటే. కానీ శెట్టిగారికి అది అలవాటు దాటి నియమమైంది. కొసరు పడని తూకం ఆయన దృష్టిలో తూకమే కాదు, మోసానికి పొరుగున ఉండే ఏదో ఒక వస్తువు.

ఆయనకు పెద్దపేగు క్యాన్సర్. ఎండాకాలంలో శస్త్రచికిత్స జరిగింది. వ్యాధి పక్కనున్న లింఫు గ్రంథుల వరకు పాకినందున, మళ్లీ తలెత్తకుండా ఆరు నెలలపాటు మాత్రలు వాడాలి. రెండు వారాలు వేసుకుని ఒక వారం విరామం, మళ్లీ రెండు వారాలు. ఆ మందు అధికభాగం మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది.

ఇక్కడ యువ వైద్యులు ఒక్క క్షణం ఆగాలి. శెట్టిగారి రక్తంలో, మూత్రపిండాల పనితీరు చూపే క్రియాటినిన్ అంకె చూడడానికి చక్కగా ఉంది. ప్రయోగశాల వారు దాని పక్కన ఏ గుర్తూ పెట్టలేదు. కానీ ఆ పదార్థం కండ నుంచి పుడుతుంది. బక్కచిక్కిన వృద్ధుడిలో కండే తక్కువ, కాబట్టి మూత్రపిండాలు సగం పనిచేస్తున్నా అంకె అందంగానే కనిపిస్తుంది. వయసు, బరువు కలిపి లెక్క వేస్తేనే నిజం తెలుస్తుంది. వేశాను. ఆయన మూత్రపిండాలు పూర్తి మోతాదును మోయలేవని తేలింది. ఆ లెక్క ప్రకారం పొద్దున మూడు మాత్రలు, సాయంత్రం రెండు అని రాశాను. ఈ అంకెలు ఆయన ఒక్కరివే. ఇంకెవరూ తమవి అనుకోకూడదు.

"మీ కిడ్నీలను బట్టి మోతాదు తగ్గించాను శెట్టిగారూ" అన్నాను.

ఆయన ముఖం ఒక్కసారి వాడింది. "ముసలోడని తూకం తగ్గిచ్చినావా సార్?"

"అది కాదండీ."

"వయసోడు వస్తే ఎన్ని ఇస్తావు?"

"ఇంతకంటే ఎక్కువ."

"మరి అదే గదా నేనంటాండేది."

ఆయన భార్య రత్నమ్మగారు భుజం తట్టింది. "నువ్వు ఊరుకో. సార్‌కు తెలీదా? బేరం చేస్తాండావు, ఇదేమన్నా నీ అంగడా?"

నేను మూత్రపిండాల సంగతి బొమ్మ గీసి మరీ వివరించాను. శెట్టిగారు తల ఊపారు. సరుకు నచ్చని ఖాతాదారు, మాట పెంచడం ఇష్టం లేక తల ఊపే తీరులో ఊపారు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి ఒక్క మాట అన్నారు. "అహోబిలం సామి సంక్రాంతి ఎనక పల్లకిలో ఊరూరా తిరుగుతా పార్వేటకు వస్తాడు గదా సార్, ఆ పొద్దు పల్లకి మోసేటోళ్లకు నా చేత్తో పానకం పోస్తా. మా నాయన పోసినాడు, నేను పోస్తాండా. ఈ తూరి గూడ నన్ను అంగడి ముందర నిలబెట్టు. అంతే నేనడిగేది."

"నిలబెడతాను" అన్నాను. వైద్యుడు అనకూడని మాట అది. అన్న తరువాత నిలబెట్టుకోక తప్పదు.

రెండో విడత

మొదటి విడత నిరపాయంగా సాగింది. నా వద్దకు వచ్చే ప్రతి వృద్ధుణ్ణీ "మాత్రలు ఎట్లా వేసుకుంటున్నారో చేత్తో చూపించండి" అని అడగడం నా పద్ధతి. అడిగాను. రత్నమ్మగారే ముందుకు వచ్చి, మూడు మాత్రలు విప్పి భర్త అరచేతిలో పెట్టి చూపించింది. తప్పేమీ లేదు. విరేచనాలు లేవు, నోటిపూత లేదు, చేతులు ఎర్రబడలేదు. నేను సంతోషించాను.

రెండో విడత ముగియకముందే శ్రీనివాసులు తండ్రిని జీపులో పడుకోబెట్టుకుని నంద్యాల ఆసుపత్రికి తెచ్చాడు. ఎడతెగని విరేచనాలు. పెదవుల లోపలంతా పుండ్లు. అరచేతుల తోలు పొరలుగా లేస్తోంది. నాడి సన్నగా కొట్టుకుంటోంది. మాత్రలు తక్షణమే ఆపించి, నరం ద్వారా ద్రవాలు ఎక్కించి, విరేచనాలు కట్టే మందు మొదలుపెట్టాం. ఆ మొదటి రోజులలో ఆయన మాట్లాడే స్థితిలో లేరు. నీళ్లు మింగడానికే కళ్లు మూసుకునేవారు.

నాలో ఒక ప్రశ్న మెదలసాగింది. అదే మందు, అదే మోతాదు. మొదటి విడతలో ఏమీ కాని మనిషి రెండో విడతలో ఇలా ఎందుకు కూలిపోయాడు? పుట్టుకతోనే ఈ మందును విరిచే శక్తి లేనివారు కొందరుంటారు, కానీ అలాంటివారు సాధారణంగా మొదటి విడతలోనే పడిపోతారు. మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతిన్నాయా? చేరేనాటికి ఒంట్లో నీరు లేక అంకె పెరిగింది, ద్రవాలు ఎక్కించగానే యథాస్థితికి వచ్చింది. ఆకుమందులేమైనా వాడారా? లేదు. కొత్త మాత్రలు? లేవు.

"మాత్రలు సరిగానే వేసుకున్నారా?" అని కొడుకును అడిగాను.

"ఒక్క పూట గూడ తప్పలే సార్. మాయమ్మ దగ్గరుండి ఇస్తాది."

శెట్టిగారు కాస్త తేరుకుని గంజి తాగిన రోజున శ్రీనివాసులు నన్ను వరండాలోకి పిలిచాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇంక చాలు సార్. ఆపేద్దాం. తగ్గిచ్చి ఇచ్చిన మందుకే మా నాయన ఇట్లాయె. క్యాన్సర్ వస్తే వస్తాది, మందుతో సంపుకోలేం గదా."

ఆ కుర్రవాడి మాటలో న్యాయం ఉంది. పుస్తకం కూడా అతని పక్షమే. తగ్గించిన మోతాదుకే ఇంత ఉపద్రవం జరిగితే ఆ మందు ఆ మనిషికి సరిపడదని తేల్చి, అక్కడితో ఆపడం ఏ వైద్యుడూ తప్పుపట్టని నిర్ణయం. అప్పుడు శెట్టిగారికి వ్యాధి తిరిగి రాకుండా కాపాడే గోడలో ఒక వరుస తక్కువవుతుంది. కారణం తెలియకుండా ఆ వరుస తీయడానికి నా మనసు ఒప్పుకోలేదు.

"ఒక్కరోజు ఆగు శ్రీనివాసులూ. నాకింకా లెక్క కుదరలేదు" అన్నాను.

అరచేతిలో నాలుగోది

మరునాడు పొద్దున రత్నమ్మగారు ఫ్లాస్కుతో వేణ్నీళ్లకు కిందికి వెళ్లింది. నేను శెట్టిగారి మంచం పక్కన కూర్చున్నాను. వారి సంచిలో మిగిలిన మాత్రల షీటు తీసి ఆయన చేతికిచ్చాను.

"మింగొద్దు. రోజూ ఎట్లా వేసుకుంటారో చూపించండి, చాలు. ఈసారి మీరే చూపించాలి."

ఆయన పుండుపడిన వేళ్లతో నెమ్మదిగా ఒకటి విప్పారు, రెండు, మూడు. మూడూ ఎడమ అరచేతిలో పెట్టుకున్నారు. అక్కడ ఆగారు. ముల్లు నడుమకు రావడం కోసం ఆగినట్లే ఆగారు. తరువాత కుడిచెయ్యి కాస్త పైకి లేచింది, మణికట్టు తిరిగింది, పైనుంచి మరొక మాత్ర అరచేతిలోకి రాలింది.

నేను ఆయన కళ్లలోకి చూశాను. దాచుకున్నదాన్ని తన చెయ్యే బయటపెట్టిందని ఆయనకు తట్టినట్లు లేదు.

"నాలుగోది ఏందండీ?"

"ఏ నాలుగోది?" అరచెయ్యి వైపు చూసుకున్నారు. "ఓ, ఇదా! ఇది ల్యాక్కలోది కాదు సార్. కొసరు."



"సాయంత్రం పూట గూడానా?"

"పొద్దున ఏసి సాయంత్రం ఏయకుంటే యట్లా?"

"మొదటి విడతలో కూడా ఇట్లాగే వేసుకున్నారా?"

"లే. అప్పుడు నువ్వు సెప్పినట్టే మింగినా. ఏం కాలే. నోరు పొక్కలే, కడుపు కదల్లే. మందు పనిచేస్తాంటే ఒంటికి తెల్యాల గదా? సరుకు తక్కువ పడిందని అనిపిచ్చె. అందుకే రెండో తూరి కొంచెం కలుపుకొంటి."

"ఆ మాత్రలు ఎక్కడివి?"

"నీ చీటీ చూపిచ్చి మందులంగట్లో ఇంగో మూడు షీట్లు తెచ్చుకొంటి. గల్లాపెట్టెలో పెట్టుకుంటి. ఇంటికాడ రత్నమ్మ ఇచ్చేవి నోట్లో ఏసుకుని, అంగటికి పోతానే కొసరు ఏసుకుంటాంటి."

నేను మనసులో లెక్క వేసుకున్నాను. కొసరుతో కలిపితే ఆయన మింగినది, ఆయన ఎత్తుకూ బరువుకూ పుస్తకం చెప్పే పూర్తి మోతాదుకు దాదాపు సమానం. ఏ మోతాదు ఆయన మూత్రపిండాలు మోయలేవని నేను తగ్గించానో, సరిగ్గా ఆ బరువునే ఆయన తెలియక తన నెత్తిన పెట్టుకున్నారు. తగ్గించిన మోతాదు నిర్దోషి. మొదటి విడతే అందుకు సాక్ష్యం.

కోపం వచ్చిందా? వచ్చింది. కానీ ఆయన చేసినదాన్ని ఆయన వైపు నుంచి చూస్తే అందులో నిర్లక్ష్యం లేదు. బతకాలన్న పట్టుదల ఉంది. జీవితమంతా ఎదుటివారికి నిండుగా కొలిచిన మనిషి, తన ప్రాణానికి వచ్చేసరికి వెలితి తూకాన్ని ఒప్పుకోలేకపోయాడు. ఆ తూకం వెలితిదని ఆయనకు చెప్పినది నా మాటే. 'తగ్గించాను' అన్నాను కదా.

సున్నానికి ఎవరూ వేయరు

"శెట్టిగారూ, మీ కిడ్నీలు రోజుకు ఎంత మందు బయటికి తోయగలవో కొలిచి అంతే లోపలికి పంపాను. వయసువాడికి అతని ఒంటికి నిండిన తూకం, మీకు మీ ఒంటికి నిండిన తూకం. మీది వెలితి కాదు."

"అట్లంటావు గాని సార్, కొసరు ల్యాని తూకం నిండు తూకం యట్లయితాది?"

అప్పుడే ఫ్లాస్కుతో వచ్చిన రత్నమ్మగారు గుమ్మంలో నిలబడిపోయింది. భర్త అరచేతిలోని నాలుగు మాత్రలూ, నా ముఖమూ చూసింది. ఏం జరిగిందో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

"ఏమయ్యా! నాకు తెల్యకుండా దొంగతనంగా మింగుతాంటివా?"

"దొంగతనమేంది మే? నా దుడ్లు పెట్టి కొనుక్కొంటి."

"ముప్పొద్దులా నీ ఒళ్లు కడిగి, నీ బట్టలు పిండి, నీకు మందు పడల్యాదని సామికి మొక్కుకుంటి గదయ్యా!" ఆమె మంచం దగ్గరికి వచ్చి ఫ్లాస్కు కింద పెట్టింది. "దినామూ ఆకు ఏసుకుంటావు గదా. ఆకుకు సున్నం రాసేది ఎవురు?"

"నువ్వే."

"గోటితో గీసినంత రాస్తా. ఒకనాడు సెయ్యి జారి ఎక్కువ పడితే ఏం జేసినావు? నోరంతా పొక్కిందని ఇల్లు లేపినావు గదా? మరి సున్నానికి కొసరు ఏయమని ఎందుకు అడగల్యా?"

శెట్టిగారు నాలుకతో పెదవి లోపలి పుండు తడుముకున్నారు. తరువాత నాలుగో మాత్రను వేలితో పక్కకు జరిపి, దాన్ని భార్య చేతిలో పెట్టారు.

"సున్నానికి ఎవురూ ఏయరులే" అన్నారు.

నేను బొమ్మ గీసి చెప్పలేనిది ఆమె తమలపాకుతో చెప్పింది. అయితే ఆ రోజు సగం పని మాత్రమే అయింది. మిగిలిన సగం కొడుకుతో.

మళ్లీ మొదలు

శ్రీనివాసులు అంతా విని తల పట్టుకుని కూర్చున్నాడు. "నాయనా, నువ్వు అంగట్లో చేసింది సాలక, ఒంట్లో గూడ యాపారం జేస్తివా?" అన్నాడు తండ్రితో. తరువాత నా వైపు తిరిగాడు. "అయినా మళ్లీ ఇస్తాననద్దు సార్. మీకు బయ్యం ల్యాదా?"

"ఉంది. అందుకే వారం వారం చూస్తాను. భయపడి ఆపితే ఇక చూడడానికి ఏమీ ఉండదు."

పుండ్లు పూర్తిగా మానేదాకా, మూత్రపిండాల అంకెలు నిలకడగా ఉన్నాయని తేలేదాకా ఆగాం. తరువాత మొదటి మోతాదు కంటే ఒక మెట్టు కిందనుంచి మొదలుపెట్టాం. అది సుఖంగా సాగాక మళ్లీ మూడు, రెండుకు వచ్చాం. గల్లాపెట్టెలోని షీట్లన్నీ రత్నమ్మగారి స్వాధీనమయ్యాయి. ఆళ్లగడ్డ మందుల అంగడి యజమానితో నేనే మాట్లాడి, నా చీటీకి రెండోసారి మందు ఇవ్వవద్దని మాట తీసుకున్నాను. ఆళ్లగడ్డకు వెళ్లిన ప్రతి వారమూ శెట్టిగారి అరచేతులు వెలుగులోకి పట్టి చూసేవాణ్ణి. మధ్యలో ఒకసారి విరేచనాలు మొదలైతే వెంటనే ఆపి, నాలుగు రోజులకు మళ్లీ అందుకున్నాం. శ్రీనివాసులు ఒకటికి రెండుసార్లు ఆపుదామన్నాడు. నేను వినలేదు. శెట్టిగారు కూడా వినలేదు. ఆ పట్టుదలలో ఈసారి మేమిద్దరం ఒకే పక్షాన ఉన్నాం.

నా తరువాత వచ్చేవారికి నేను చెప్పదలచినది ఇంతే. వృద్ధుడికి మోతాదు నిర్ణయించేటప్పుడు కార్డులోని వయసును నమ్మవద్దు, అందంగా కనిపించే అంకెను నమ్మవద్దు. మనిషి లేచే తీరు చూడండి, కండ చూడండి, లెక్క వేయండి. తక్కువతో మొదలుపెట్టవలసి వస్తే సిగ్గుపడకండి. ఒంటికి పడుతోందని తేలితే పెంచడానికి వెనుకాడకండి. ఎదురుదెబ్బ తగిలినప్పుడు చేతులెత్తే ముందు కారణం వెతకండి. మాత్రలు సరిగా వేసుకున్నారా అని అడిగితే అందరూ అవుననే అంటారు, వారి మనసులో అది నిజమే కూడా. మింగే మనిషి చేతనే చూపించుకోండి, పక్కవారి చేత కాదు. ఆ రోజు నుంచి నేను ఏ పెద్దవారితోనూ 'మోతాదు తగ్గించాను' అనలేదు. 'ఇది మీ ఒంటికి కొలిచిన మోతాదు' అన్నాను. కొసరు వేయరాదని కూడా ఆ చీటీ ఇస్తూనే చెప్పేవాణ్ణి. కొందరు నవ్వేవారు. కొందరు నవ్వకుండా పక్కచూపులు చూసేవారు. ఆ రెండో రకం వారిని వారం తిరగకుండా మళ్లీ రమ్మనేవాణ్ణి.

పల్లకి వచ్చిన పూట

పార్వేట పల్లకి ఆళ్లగడ్డకు వచ్చే రోజు అక్కడ నా పనిదినం కాకపోయినా బస్సెక్కి వెళ్లాను. చివరి విడత ముగిసి కొద్ది రోజులే అయింది. వీధి ఇసుక వేస్తే రాలనంతగా నిండిపోయింది. అంగడి ముందు గంగాళం నిండా పానకం, దాని పక్కన కుర్చీ. శ్రీనివాసులు కుర్చీ వేసి ఉంటాడు. శెట్టిగారు అందులో కూర్చోలేదు. పల్లకి ఆగినప్పుడు ఒక చేత్తో చెంబు, ఒక చేత్తో లోటా పట్టుకుని పల్లకి మోసే బోయీలందరికీ తానే పోశారు. అరచేతుల మీద కొత్త తోలు లేతగా మెరుస్తోంది. చెంబు ఒక్కసారి కూడా వణకలేదు.

పల్లకి ముందుకు సాగి జనం పలచబడ్డాక ఆయన నన్ను లోపలికి పిలిచారు. వద్దంటున్నా వినకుండా నా కోసం బుడ్డలు తూచడం మొదలుపెట్టారు. తక్కెడ ముల్లు నడుమకు వచ్చి ఆగింది. అలవాటుగా ఆయన కుడిచెయ్యి బస్తాలోకి వెళ్లి పిడికిలి బిగించి పైకి లేచింది. తట్ట మీదికి వచ్చి గాలిలో ఆగిపోయింది. ఆయన నా వైపు చూశారు, వెనుక నిలబడి ఉన్న రత్నమ్మగారి వైపు చూశారు.

"సార్, ఇది మందు గాదు గదా?"

"కాదు శెట్టిగారూ."

"అయితే పట్టు సంచి" అని, ఆ పిడికెడూ తట్టలో వదిలి, మళ్లీ బస్తాలోకి చెయ్యి పెట్టారు.